మొరాయించిన పురిటి గది

మజిలీ 19. పురుడు తొమ్మిదో రోజు. ఉదయం ఏడు. నీడలో 43.

పైకప్పు మీద సోలార్ పలకలు తుడిచాను. మంచినీళ్ళ ట్యాంకులో సగానికి బెత్తెడు తక్కువ. టైర్లు ఆరూ బాగానే ఉన్నాయి. మనవరాలు రాత్రి హాయిగా నిద్రపోయింది, దాని తల్లి కాసేపు పడుకుంది, నేను మాత్రం ఇంట్లో ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తూనే ఉన్నాను. పదకొండు అడుగులు అటు, పదకొండు అడుగులు ఇటు. ఒకే చోట వారం దాటితే నాకు కాళ్ళు పీకుతాయి. స్టీరింగు పట్టుకుంటే గానీ ఆ నొప్పి వదలదు.

హైమ నా ఒక్కగానొక్క కూతురు. తొలి కాన్పుకి అత్తగారి బిడారు నుంచి మా బిడారుకి, అంటే కలిసి తిరిగే మా చక్రాల ఇళ్ళ వరసకి, వచ్చింది. ఎండ ముదిరేలోగా సొరంగం దాటి చల్లటి పై నేలకి చేరే దారిలో కొండ కింద పన్నెండు రోజుల మజిలీ పడింది, దిగిన రోజే పిల్ల పుట్టింది. ఇంతకంటే కలిసిరావడం ఉంటుందా అని పొంగిపోయాను. ప్రయాణంలో ఇంట్లోకి ముడుచుకుని, ఆగినప్పుడు సొరుగులా బయటికి వచ్చే కుడి పక్క గదిని పూర్తిగా బయటికి తీసి దాన్నే పురిటి గది చేశాను. పదకొండో రోజు స్నానం అయ్యేదాకా పురిటి గదిని లోపలికి లాగకూడదు, ఆ ఇంటిని పరాయివాళ్ళు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే తలస్నానం చెయ్యాలి. తలస్నానమంటే ఒక మనిషికి రెండు రోజుల నీళ్ళు. అందుకని ముప్ఫై ఏడు ఇళ్ళ బిడారులో ఒక్కరు కూడా మా ఛాయలకి రావడం లేదు. రాకూడదు కూడా. ఈ విషయంలో నా అంత గట్టిదాన్ని బిడారులో ఇంకొకరిని చూపించండి చూద్దాం.

బాలింతని మూడు నెలలు నా దగ్గర ఉంచుకుని పంపుతానని అల్లుడికి మాటిచ్చాను. ఆ మూడు నెలల కోసం నేను రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాను.

ఇంతలో దారిపెద్ద పేరయ్య వచ్చాడు. మైల కదా, పది బారల దూరంలో నిలబడి చేతి మైకులో అరిచాడు.

"నాంచారమ్మా! ఎండ రెండు రోజులు ముందొస్తంది. ఎల్లుండి పొద్దున పదింటికి సొరంగం గేటు మూసేస్తన్నారు. తెల్లారి అయిదింటికే మనం కదలాల. రేపు సాయంత్రానికల్లా మీ గది లోపలుండాల!"

"పదకొండో రోజు స్నానం గాకుండా పురిటి గది ఎవరన్నా లాగుతారా బావా?"

"నేను లాగమంటంలా, ఎండ లాగమంటంది. గది బయట పెట్టుకోని సొరంగంలో ఎట్టా పడతావు?"

అంత పెద్ద మైకు పెట్టుకుని నా ఇంటి సంగతి ఊరందరికీ చెప్పాలా? ఒళ్ళు మండిపోయింది.

అదే రోజు. సాయంత్రం అయిదు. నీడలో 45.

మధ్యాహ్నమంతా వాదనే. హైమ పిల్లని ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో విసురుతోంది. పిల్ల మెడ చుట్టూ చెమటకాయలు.

"అమ్మా, లాగెయ్. ఎవరేమనుకుంటారని?"

"ఎవరో అనుకుంటారని కాదే. నీ పురుడు సరిగ్గా జరగాలని."

"నా పురుడు నేను పడ్డాను గదా. అయిపోయింది."

మా ఆయన వీరాస్వామి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఇంట్లో మాటలన్నీ నేనే వాడేస్తాను కాబట్టి ఆయనకి మిగలవని హైమ ఎగతాళి చేస్తుంది. ఇవాళ మాత్రం నోరు విప్పాడు. "ఇయ్యాళే ఒకసారి లాగి చూద్దామే. ఏదన్నా తేడా వస్తే బాగుజేసుకోడానికి రేపంతా ఉంటది."

తేడా ఎందుకొస్తుందని మీద పడ్డాను. గది లాగడానికి ఒప్పుకున్నాను గానీ, రేపు పొద్దున పదో రోజు స్నానం చేయించి, గడపకి పసుపు రాసి, దణ్ణం పెట్టి అప్పుడు లాగుతానన్నాను. తిరిగే ఇళ్ళకి గడప ఏమిటని పిల్ల పెద్దయ్యాక అడిగితే చెప్పడానికి రాసి పెడుతున్నాను: గది బయటికి వచ్చినప్పుడు దాని కింద ముందొకటి, వెనకొకటి రెండు స్టీలు రాడ్లు నిగనిగలాడుతూ బయటపడతాయి. గదిని తోసేవీ లాగేవీ అవే. అవే మాకు గడప. శుభకార్యానికి గది తీసినప్పుడు వాటికి పసుపు రాసి బొట్టు పెడతాం.

మా ఆయన బయటికి వెళ్ళి అలవాటు ప్రకారం టైర్లని కాలితో తన్ని వచ్చాడు.

మజిలీ 19. పదో రోజు. ఉదయం ఆరున్నర. నీడలో 44.

స్నానం అయింది. హైమనీ పిల్లనీ డ్రైవరు సీటు వెనక కూర్చోబెట్టాను. గది కదిలేటప్పుడు లోపల ఎవరూ ఉండకూడదు. దణ్ణం పెట్టి బటన్ నొక్కాను.

పంపు మోత బాగానే వచ్చింది. గది కదల్లేదు. ఇంకాసేపు నొక్కి పట్టాను. వెనక వైపు నాలుగు వేళ్ళు లోపలికి జరిగింది, ముందు వైపు ఉన్నచోటే ఉంది. గది మొత్తం ఒక పక్కకి ఒరిగి, గోడలోంచి కీచుమని ఒక చప్పుడు. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. బటన్ వదిలేశాను.

"మళ్ళా నొక్కు" అన్నాడు మా ఆయన.

"నొక్కితే గోడ ఊడి చేతికొస్తది! ఆయిలు చూశావా అసలు?"

"చూశా. గీత దాకా ఉంది."

"బ్యాటరీ?"

"నిండుగా ఉంది. మీటరు పెట్టి చూశా."

అయితే హైమ తెచ్చుకున్న ఇనప్పెట్టె బరువన్నాను. పెట్టె తీసి కింద పెట్టాం. గది కదల్లేదు. అయితే పోయినేడు ఫిట్టరు మస్తాన్‌బీ ముందు వైపు పైపు మార్చింది, ఆ పైపుదే తప్పన్నాను. హైమ నా వంక అదో రకంగా చూసింది. ఇంట్లో వాళ్ళు అయిపోయారు, ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ మీద పడ్డావా అని ఆ చూపు. రేపు పదింటికి గేటు మూస్తే మళ్ళీ తీసేది నలభై రోజుల తర్వాత. పోయినేడు కింద ఉండిపోయిన మూడు ఇళ్ళలో ఒక ఇల్లే పైకి వచ్చింది. నాకు ఇక్కడ పది రోజుల పసిగుడ్డు ఉంది.

పదో రోజు. ఉదయం పది. నీడలో 46.

మస్తాన్‌బీ వచ్చింది. పానా పట్టిన చేతికి మైల లేదని బిడారులో మొదట్నించీ ఒప్పుకున్న మాట, అందుకని నేరుగా వచ్చేసింది. నలభై ఏళ్ళ మనిషి, చీర పైకి దోపి పైన ఖాకీ చొక్కా వేసుకుంటుంది. పోయినేడు పైపు సంగతి నేను ఎత్తకముందే తనే ఎత్తింది.

"అక్కా, ఆ పైపు మార్చింది నేనే. నా తప్పైతే నేనే చెప్తా. ముందు నన్ను చూడనియ్."

స్క్రూడ్రైవరు కొన పంపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింది. పంపు బాగుందంది. పైపు చివర నట్టు కాస్త వదులు చేసి మా ఆయన్ని బటన్ నొక్కమంది. నురగ లేకుండా ఆయిలు చిక్కగా వచ్చింది, అంటే లోపల గాలి చేరలేదు. పైపూ బాగుందంది. ముందు వైపు వాల్వుకి వెళ్ళే తీగని వెనక వైపుకీ, వెనకదాన్ని ముందుకీ మార్చి చూసింది. అదే కథ. వెనక కదులుతానంటుంది, ముందు కదలనంటుంది.

ఒక్కొక్కటీ బాగుందన్నప్పుడల్లా నాకు భయం పెరిగింది. ఏదో ఒకటి పాడైందని చెబితే బాగుచేసుకోవచ్చు. అన్నీ బాగుంటే ఏం చెయ్యాలి?

చివరికి గోనెపట్టా పరుచుకుని, టార్చి పట్టుకుని ఇంటి కిందకి పాకింది. తర్వాత "అక్కా, ఒకసారి కిందికి రా" అంది.

నేను పాకాను. టార్చి వెలుగు ముందు రాడ్డు మీద వేసింది. రాడ్డు నిగనిగలాడటం లేదు. దాని మీద మందంగా పచ్చటి పెచ్చు. దుమ్మూ ఇసకా కలిసి గట్టిపడి గోడకి చేసిన గార మాదిరి ఉంది. రాడ్డు సిలిండరులోకి దూరే చోట రబ్బరు సీలు చిరిగి నాలుకలా బయటికి వేలాడుతోంది. ఆ చిరుగులోంచి పసుపు రంగు ఆయిలు బొట్టు బొట్టుగా కారుతోంది.

"పసుపు ఎన్నిసార్లు రాశావు?"

"ఒకసారే."

"ఒకసారి రాస్తే ఇంత పెచ్చు కట్టదక్కా."

తల తిప్పుకుందామంటే తిప్పుకోవడానికి కూడా చోటు లేదు అక్కడ. ఇద్దరి మొహాల మధ్య జానెడు దూరం.

నిజం చెప్పాను. అందరూ ఒక్కసారి రాసి, మర్నాడు నూనెగుడ్డతో తుడిచేస్తారు. నేను పది రోజులూ పొద్దున్నే రాశాను. పిల్లకి స్నానం చేయించి, ఆ చేత్తోనే కిందకి దిగి, ఉన్నదాని మీదే మళ్ళీ రాశాను. తుడవాలని తోచలేదు. తోచినా తుడిచేదాన్ని కాదు, ఆ పచ్చదనం చూస్తే నా కడుపు నిండేది. మొన్న గాలిదుమ్ము వచ్చింది, అదంతా పోయి ఆ పసుపుకే అతుక్కుంది. వెనక రాడ్డుకి ఎప్పుడూ చెయ్యి సరిగ్గా అందదు, అందుకే అది బతికిపోయింది.

మస్తాన్‌బీ టార్చి నా చేతికిచ్చి బయటికి పాకింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పదో రోజు. మధ్యాహ్నం మూడున్నర. నీడలో 48.

ఇలాంటి సీలు బిడారులో ఎవరి దగ్గరా లేదు. ఉన్నా లాభం లేదట, రాడ్డు మీద గీతలు పడ్డాయి, కొత్త సీలునీ చీల్చేస్తాయి. పేరయ్య వచ్చాడు, పది బారల దూరంలోనే. మైకు లేకుండా మాట్లాడాడు, ఆ మేలు చేశాడు.

"గది కోసి పడేద్దాం నాంచారమ్మా. గ్యాసు కట్టరుంది. గంట పని."

"కోస్తే హైమ యాడ పడుకుంటది?"

"సత్రం బండిలో."

బిడారు చివర వచ్చే బండి అది. జబ్బు మనుషులూ, ఇల్లు చెడిపోయినవాళ్ళూ అందులో ఉంటారు. బిడారులో ఏ ఇంటికైనా పడకకి ఇన్నని నీళ్ళు ఇస్తారు, పడక లేని మనిషికి ఆ ఇంట్లో నీళ్ళు లేవు. మా ఇంట్లో గది పోతే మిగిలేవి రెండు పడకలు, మా ఆయనదీ నాదీ. నా కూతుర్ని పురిటికి తీసుకొచ్చి పదకొండో రోజు సత్రం బండి ఎక్కించాలా?

"కోసే ముందు ఇంకో దారుంది" అంది మస్తాన్‌బీ. "రాడ్డు మీద పెచ్చంతా తీసేసి, బైపాస్ వాల్వు తిప్పేస్తే ఆయిలు దానిపాటికి అది తిరిగి ట్యాంకులోకి పోద్ది. పంపుతో పనిలేదు. గదిని మనుషులు బయట్నించి తొయ్యాల. అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది. రెండు పక్కలా సమానంగా."

పదహారు మంది. మైల ఇంటి గోడకి చేతులు ఆనించి. పేరయ్య నా మొహం వంక చూశాడు. నేను రాడ్డు వంక చూశాను.

ముందు పెచ్చు తియ్యాలి. ఉలి వాడితే ఇంకా గీతలు పడతాయని మస్తాన్‌బీ వద్దంది. కొబ్బరిపీచు, నువ్వులనూనె, వేడినీళ్ళ గుడ్డ. రెండు గంటలు వెల్లకిలా పడుకుని రుద్దాను. ఆ పసుపు నూనె కళ్ళలో కారింది. నా చేత్తో నేను అద్దిన పసుపు, నా చేత్తోనే గోకి తీశాను. అక్కడ పడుకుని ఏడ్చాను, ఎవరూ చూడలేదు కాబట్టి ఇక్కడ రాసినా ఫర్వాలేదు.

పదో రోజు. సాయంత్రం ఆరు. నీడలో 47.

నాలుగున్నరకి బిడారు మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. పురిటి ఇంటి మనిషిని, అంత దూరం రాకూడదు. జనం వెనక్కి జరిగారు. పేరయ్య దగ్గర మైకు అడిగితే నేల మీద పెట్టి జరిగాడు. తీసుకున్నాను.

"తప్పు నాది" అన్నాను. "రాడ్డు మీద పదిసార్లు పసుపు రాసి సీలు చీల్చుకున్నా. పొద్దుట్నుంచి మా ఆయన్ని తిట్టా, నా కూతురి పెట్టెని తిట్టా, మస్తాన్‌బీని కూడా తిట్టుకున్నా. వాళ్ళ తప్పేం లేదు. ఇప్పుడు నా గది తొయ్యటానికి పదహారు మంది కావాల."

ఎవరూ కదల్లేదు. కందుకూరి వాళ్ళ ఇంటి పెద్దావిడ, బుల్లెమ్మ, ముందుకొచ్చింది. పోయినేడు ఆమె కోడలి పురుడప్పుడు తాడు అడిగితే చేతికివ్వకుండా నేల మీద విసిరింది నేనే.

"తలస్నానానికి నీళ్ళు ఎవరిస్తారమ్మా?" అంది. "పదహారు తలలు. రెండు రోజుల నీళ్ళు."

"స్నానం అక్కర్లా."

"ఏందీ?"

"స్నానం అక్కర్లేదంటన్నా. ముట్టుకోండి. ఏ మైలా అంటదు."

"ఈ మాట నువ్వేనా అంటంది?"

"నేనే అంటన్నా బుల్లెమ్మక్కా. నా మనవరాలికి ఎండ తగలకుండా ఉంటే చాలు. పోయినేడు నీ కోడలి విషయంలో నేను చేసింది తప్పు. అది కూడా చెప్తన్నా."

ఆమె కొంగు నడుముకి దోపుకుంది. "ఈ మాట నీ నోట్లోంచి వస్తదని బతికుండగా అనుకోలా" అంటూ మా ఇంటి వైపు నడిచింది. ఆమె వెనక కోడలు నడిచింది. ఆ తర్వాత పేరయ్య. గోడ మీద మొదటి చెయ్యి బుల్లెమ్మక్కది. గోడ కాలిపోతోంది, గోనెసంచులు మడిచి పెట్టుకున్నారు.

మస్తాన్‌బీ కింద పడుకుని వాల్వు తిప్పి లెక్క చెప్పింది. "ముందు వైపు తొయ్యండి... ఆగండి! వెనక రెండు వేళ్ళు... ఆగండి! రెండు పక్కలా!" నేను ముందు వైపే ఉన్నాను. నలభై ఏడు డిగ్రీల్లో పదహారు మంది ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. ఒక చోట వెనకవాళ్ళు ఎక్కువ తోసేశారు, గోడలోంచి ఠక్కుమని శబ్దం వచ్చింది. మస్తాన్‌బీ ఒక బూతుమాట అంది. మళ్ళీ తోశాం. నలభై నిమిషాలకి గది లోపలికి కూర్చుంది.

పట్టి ఉంచే ఆయిలు లేదు గనక గొలుసులు రెండు వేసి, చెక్క మేకులు దిగ్గొట్టాం. వచ్చినవాళ్ళకి తలా గ్లాసు మజ్జిగ ఇచ్చాను. అందరూ నా చేతిలోంచే తీసుకుని తాగారు.

మజిలీ 20. పదకొండో రోజు. మధ్యాహ్నం పన్నెండు. నీడలో 28.

ఇరవై ఎనిమిది అని రాస్తుంటే అబద్ధం రాస్తున్నట్టుంది.

తెల్లారి అయిదింటికి కదిలాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో గొలుసులు గణగణమంటూనే ఉన్నాయి. గది ప్రతి మలుపులోనూ బయటికి పోవాలని చూసింది. సొరంగంలోకి దిగినప్పుడు తొమ్మిది ఇరవై. మా ఆయన ఒక గొలుసు దగ్గర, హైమ ఇంకో గొలుసు దగ్గర. హైమని కూర్చోమని అరిచాను, కుట్లు ఇంకా మానలేదు. "నువ్వు రోడ్డు చూడమ్మా" అని అది తిరిగి అరిచింది.

సగం దూరంలో ఒక మేకు ఊడింది. అద్దంలో చూస్తే గది అంచు బయటికి వస్తోంది. వేలెడు, ఆ తర్వాత బెత్తెడు. సొరంగం గోడకి రాసుకుని నిప్పులు లేచాయి. బ్రేకు మీద కాలు పెడితే వెనక పదిహేను ఇళ్ళు ఆగిపోతాయి, గేటు వాళ్ళ మీద మూసుకుంటుంది. కాలు పెట్టలేదు. ఎడమ గోడకి చేరి, పళ్ళు బిగబట్టి తోలాను. అవతల వెలుగు కనిపించాక గానీ ఊపిరి వదల్లేదు.

బయట చిన్న తుంపర. పిల్లకి పదకొండో రోజు స్నానం ఆ చల్లగాలిలో, ముడుచుకున్న ఇంట్లో, స్టీరింగు పక్కనే చేయించాను. నీళ్ళు డ్రైవరు సీటు కిందకి పారాయి. ఫర్వాలేదు.

మజిలీ 20. పన్నెండో రోజు. సాయంత్రం ఆరు. నీడలో 26.

మస్తాన్‌బీ అంతా చూసి చెప్పింది. తోసేటప్పుడు వచ్చిన ఠక్కుమన్న శబ్దం గది నడిచే పట్టా వంగిన శబ్దం.

"బయటికి ఒకసారి వస్తది అక్కా. మళ్ళా లోపలికి తోస్తే మాత్రం గోడ చీలిపోద్ది. పట్టా, రాడ్డు రెండూ మార్చాల. ఆ రాడ్డు చేసే లేతు మిషను సముద్రం పక్క ఊళ్ళోనే ఉంది. వచ్చే ఏడు కిందికి దిగినప్పుడే."

బిడారు ఇక్కడ ఆగేది ఇవాళ ఒక్కరోజే. రేపు లోయలోకి దిగాలి, అక్కడి దారులు సొరంగం కంటే ఇరుకు. గది మూసి ఉంచితే నేను బిడారుతో కదలొచ్చు, హైమా పిల్లా సత్రం బండిలో రావాలి. గది తెరిస్తే నలుగురికీ పడకలుంటాయి, ఇల్లు మాత్రం వచ్చే ఏడు దాకా ఇక్కడే.

ఇక్కడ కొన్ని ఇళ్ళున్నాయి. చక్రాలు ఊడదీసి రాళ్ళ మీద కూర్చోబెట్టిన ఇళ్ళు. మేం వాళ్ళని ఆగినోళ్ళంటాం. ఆ మాట అనేటప్పుడు మా గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందరికంటే ఎక్కువ అన్నది నేనే.

హైమ పిల్లకి పాలిస్తూ నెమ్మదిగా చెప్పింది. "సత్రం బండికి నేను పోతానమ్మా. మూడు నెలలే గదా. మజిలీల్లో వచ్చి చూస్తా ఉండు."

"నీకేం పట్టింది సత్రం బండికి పోవటానికి?"

"నువ్వు ఆగలేవు. పది రోజులు ఆగినందుకే తెల్లవార్లూ నడిచావు, నాకు వినపడలేదనుకున్నావా? ఏడాది నిన్ను ఒక్కచోట కట్టేస్తే పిచ్చెక్కిపోతావు. ఆ పిచ్చి నేను పడలేను."

నవ్వుతూనే అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే అంత గుచ్చుకుంది. నా కూతురు పుట్టింటికి వచ్చి, కుట్లతో ఉండి, నా కాళ్ళ తిమ్మిరి కోసం జబ్బుమనుషుల బండి ఎక్కుతానంటోంది.

మా ఆయన్ని అడిగాను, ఏమంటావని. ఆయన బయటికి చూసి, "ఇక్కడ నేల తడిగా ఉందే" అన్నాడు. "బీరపాదు పెడితే పైకప్పు దాకా పాకుద్ది."

ముప్ఫై ఏళ్ళుగా ఈ మనిషికి బీరపాదు పెట్టాలని ఉందని నాకు తెలియదు. అడిగిన పాపాన పోలేదు.

సాయంత్రం దాకా నడిచాను. మా ఇంటి నుంచి రోడ్డు చివర దాకా, మళ్ళీ ఇంటికి. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. అయిదింటికి హైమనీ పిల్లనీ ముందు సీట్లోకి పంపించి, గొలుసులు తీసి, వాల్వు మూసి, ఆయిలు పోసి, బటన్ నొక్కాను. గది వంకరగా, మూలుగుతూ బయటికి వచ్చింది. చివరికి నాలుగు వేళ్ళు తక్కువలో ఆగిపోయింది. ఇక అది అంతే.

హైమ నా భుజం మీద తల పెట్టింది. నాకు భయంగా ఉంది. ఏడాదంటే ఎన్ని రోజులో ఇంతకుముందు ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

మజిలీ 20. పదమూడో రోజు. ఉదయం ఆరున్నర. నీడలో 25.

ఇవాళ బిడారు కదిలింది. మస్తాన్‌బీ వచ్చి చెయ్యి పట్టుకుని వెళ్ళింది. బుల్లెమ్మక్క కిటికీలోంచి ఊపింది. నేను రోడ్డు పక్కన నిలబడ్డాను. కదిలే ముందు పేరయ్య ఇళ్ళ నంబర్లు పిలుస్తాడు, ఎవరి నంబరు వచ్చినప్పుడు వాళ్ళు హారను కొట్టాలి. మా ఇంటిది ఇరవై రెండు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నించి ఆ హారను నేనే కొట్టాను.

పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. అక్కడ పేరయ్య ఆగాడు. దగ్గాడు. ఇరవై మూడు అన్నాడు.

నా కుడి చెయ్యి గాల్లోకి లేచి ఉంది. దింపుకున్నాను. ముప్ఫై ఆరు ఇళ్ళూ మలుపు తిరిగేదాకా ఉన్నాను, కాళ్ళు పీకుతూనే ఉన్నాయి. పిల్లకి స్నానం నీళ్ళు కాగాయని లోపల్నించి హైమ పిలిచింది. వెళ్ళాను.